పేరు రానోళ్ల పాటలు

అక్క పోయిందని గని ల్యాంప్ రూమ్‌లో ఆమెతో కలిసి పనిచేసే ఆవిడ ఫోన్ చేసి చెప్పింది. "అక్క ఫోన్ల నీ నంబరుంటే చేసిన తమ్మీ. పొద్దుగాల పానం పోయింది. వస్తవా?" అంది. వస్తానన్నాను. ఇక ఆశ లేదని డాక్టర్లు ముందే చెప్పారు. ఆ మాట నాకు తెలుసు. ఆఫీసులో సెలవు చెప్పి బస్సెక్కాను.

ఆమె నాకు తోడబుట్టిన అక్క కాదు. గోదావరిఖని చౌరస్తా దగ్గర నేను ఇంటర్నెట్ సెంటర్ నడిపిన రోజుల్లో పరిచయమైన మనిషి. భర్త గనిలో బండ పడి చనిపోతే, ఆయన బదులు ఆమెకు ఉద్యోగం ఇచ్చారు. గని పైన ల్యాంప్ రూమ్‌లో పని. లోపలికి దిగేవాళ్లు టోపీకి పెట్టుకునే దీపాలను ఛార్జింగ్ పెట్టి, షిఫ్టు వేళకు చేతికి అందించాలి. భర్తను మింగిన గనిలోకి దిగే ప్రతివాడికీ ఆమే దీపం ఇచ్చి పంపేది. ఆ పని ఎట్లా చేస్తున్నావని నేనెప్పుడూ అడగలేదు. అడగాల్సిన ప్రశ్న కాదనిపించేది.

మొదటిసారి వచ్చినప్పుడు చెప్పులు బయట విడిచి లోపలికొచ్చింది. మా సెంటర్లో ఎవరూ చెప్పులు విడిచేవాళ్లు కాదు. చేతిసంచిలోంచి చిన్న టేప్ రికార్డర్, అట్ట లేని ఒక క్యాసెట్ తీసింది. క్యాసెట్ మీద ఏమీ రాసి లేదు. దాన్ని టేప్ రికార్డర్‌లో పెట్టే ముందు చేతులు కొంగుకు తుడుచుకుంది.

"తమ్మీ, కంప్యూటర్ల ఏదడిగినా చెప్తదంట గద. గీ పాట ఎవరిదో చెప్తదా?"

నాకు నవ్వొచ్చింది. ఆమె మీట నొక్కగానే గిటార్లు ఒక్కసారిగా మోగాయి. మెయిల్ చూసుకుంటున్న కాలేజీ పిల్లలు వెనక్కి తిరిగి చూశారు. "ఏందక్కా గీ లొల్లి?" అన్నాడు ఒకడు.

"పైన లొల్లే బిడ్డా. లోపల పాట ఉంటది. జెర ఆగు."

వాడు ఆగలేదు, నేను ఆగాను. డ్రమ్ములు, గిటార్లు దాటుకుని పల్లవి వచ్చింది. ముగ్గురు నలుగురు ఒక్క గొంతుగా ఎత్తుకున్న పల్లవి. భాష అర్థం కాకపోయినా ఆ రాత్రంతా నా నోట్లో నానేంత మంచి రాగం.

ఆ క్యాసెట్లన్నీ ఆమె భర్తవి. హైదరాబాద్ వెళ్లినప్పుడల్లా, ఆదివారం పేవ్‌మెంట్ మీద కుప్పలు పోసి అమ్మే విదేశీ క్యాసెట్లు ఏరుకొచ్చేవాడట. అక్కడెక్కడో అమ్ముడుపోక మిగిలితే, గుర్తుగా అట్ట అంచు కోసి చవగ్గా వదిలించుకున్న సరుకు అది. ఇంగ్లీషు పెద్దగా రాదు కాబట్టి బొమ్మ చూసి ఏరేవాడు. పేరున్న బ్యాండ్ కనిపిస్తే కొనకుండా పక్కకు పెట్టేవాడట. "పేరొచ్చినోళ్లను అందరు వింటరు. పేరు రానోళ్లను ఎవరన్న వినాలె గద" అనేవాడని అక్క చెప్పింది. ఆ తర్వాత అది ఆమె మాట కూడా అయింది.

అట్ట లేని ఆ క్యాసెట్ కోసమే ఆమె అంత పట్టుదలగా తిరగడానికి కారణం ఉంది. అర్ధరాత్రి దాకా సాగే సెకండ్ షిఫ్టుకు పోయేముందు బూట్ల తాళ్లు కట్టుకుంటూ ఆయన అందులో ఒక ముక్క పాడేవాడు. "డోవేటప్పామీ" అని వినిపించేదట. చాలా రోజులు అదెవరో ఆడమనిషి పేరనుకుందట అక్క.

"అదేందని ఎన్నడు అడగలె తమ్మీ. రేపు అడుగుదమనుకున్న. ఇంట్ల మనిషిని అడిగేటందుకు జల్దేముంది?"

అప్పటి నుంచి వెతకడం మొదలుపెట్టాం. సెలవు రోజు భోజనాలయ్యాక వచ్చేది. నాకు వినిపించిన మాటలు వినిపించినట్టు టైప్ చేసి వెతికేవాణ్ణి. పాడినవాళ్లది ఇంగ్లీషు దేశం కాదేమో, ఒక్క మాటా సరిగ్గా దొరికేది కాదు. దొరకాల్సింది దొరకలేదు గానీ వేరేవి దొరికేవి. ప్రపంచంలో ఎక్కడెక్కడి వాళ్లో, ఎవరూ వినని ఇలాంటి ఆల్బమ్‌ల గురించి రాసుకునే చోట్లు ఇంటర్నెట్‌లో ఉన్నాయని తెలిసింది. చేపల రేవు ఊళ్లో పుట్టిన ఇద్దరు అన్నదమ్ముల బ్యాండ్ ఒకటి. వాళ్ల ఆల్బమ్ బయటికొచ్చిన కొన్నాళ్లకే దాన్ని వేసిన కంపెనీ మూతపడింది. ఇంకొకడు గిటారూ డ్రమ్ములూ అన్నీ తనే వాయించి ఒక్క ఆల్బమ్ చేసి, మళ్లీ పాట జోలికి పోలేదు. డౌన్‌లోడ్ అయ్యేదాకా మేం చాయ్ తాగుతూ కూర్చునేవాళ్లం. విన్నాక అక్క తీర్పు చెప్పేది. ఆ అన్నదమ్ముల నెమ్మది పాట విని, "గీ పిలగాడు ఏడ్వకుండ ఏడుస్తుండు" అంది. నేనిప్పటికీ ఆ పాటను అంతకంటే బాగా చెప్పలేను.

నాకు పాటలు వినడం నేర్పింది ఆమే. మొదటిసారి వినగానే బాగుందో లేదో చెప్పబోతే ఊరుకునేది కాదు. "ఒక్కపారి చూసి మనిషిని చెప్తవా? పాటనెట్ల చెప్తవు?" అనేది.

చివరికి ఆ పాటలో కొంత కంప్యూటర్లోకి రికార్డ్ చేసి, అలాంటివాళ్లు చేరే చోట పెట్టాను. ఎవరైనా గుర్తుపడితే మాటలు కూడా రాయమని అడిగాను. చాలా నెలలు ఎవరూ పలకలేదు. ఒకరోజు చలిదేశం నుంచి ఎవరో జవాబిచ్చారు. ఆ బ్యాండ్ పేరు ఇక్కడ రాసినా మీలో ఎవరికీ తెలియదు. ముగ్గురు కుర్రాళ్లు, ఒకే ఆల్బమ్. అమ్ముడుపోలేదు, విడిపోయారు. పాడినతను ఇప్పుడు తన సొంత ఊళ్లోనే బస్సు నడుపుతున్నాడట.

అక్క వచ్చాక ముందు ఈ సంగతి చెప్పాను. ఆమె ముఖం వెలిగింది.

"బస్సు నడుపుతుండా? మంచిగున్నడా? ఇంత దూరంల మనం వింటున్నమని తెల్వది పాపం." తర్వాత కుర్చీ ముందుకు జరుపుకుంది. "మరి ఆ మాటేందట?"

అప్పుడు తెర మీదున్నది చదివి తెలుగులో చెప్పాను. డోంట్ వెయిట్ అప్ ఫర్ మీ, నా కోసం మేలుకుని ఉండకు. అదీ ఆ ముక్క.

ఆమె మొదట నవ్వింది. కళ్లల్లో నీళ్లతోనే నవ్వింది. "నేనెన్నడు పండుకున్న తమ్మీ? ఆయనొచ్చేదాక తలుపుకాడనే కూసుండేదాన్ని. రోజు పండుకోమని చెప్పి పోయిండన్నట్టు. నాకే తెల్వలె." కొంగుతో ముఖం తుడుచుకుని, "ఎనుకకేముంది?" అంది.

వెనక ఉన్నదీ చెప్పాను. దీపం ఆర్పెయ్, తలుపు వేసుకో, ఈసారి నేను తిరిగి రాను.

పక్క కంప్యూటర్ మీద ఎవరో ఆట ఆడుకుంటున్నారు.  అక్క తెర వైపు చూసింది. ఆమెకు ఆ అక్షరాలు చదవడం రాదు.

"ఆయనకు అర్థం తెల్వదు" అంది. నాతో అన్నట్టు లేదు. "తెలిస్తే పాడకపోతుండె. తెల్వకనే పాడిండు. రోజు పాడిండు."

"అంతేనక్కా. పాట బాగుందని పాడిండు."

"అర్థం తెల్వనన్ని దినాలు అది ఆయన పాటుండె తమ్మీ. ఇప్పుడది వాళ్ల పాటయింది."

క్యాసెట్ సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది.   ఏళ్ల తరబడి వెతికిన జవాబు దొరికి, ఆమెకు మిగిలిన ఒక్కదాన్నీ తీసుకుపోయింది.

ఆ తర్వాత ఆమె చాలా రోజులు రాలేదు. నేనే క్వార్టర్‌కు వెళ్లాను. టేప్ రికార్డర్ మీద గుడ్డ కప్పి ఉంది. "ఇననీకి మనసైతలేదు" అంది. కొత్తగా దొరికిన ఆల్బమ్‌లు సీడీలో వేసి తీసుకెళ్తే, నా మాట తీసేయలేక వినేది. "మంచిగనే ఉంది" అనేది. తీర్పులు లేవు. రెండోసారి వినిపించమని అడిగేది కాదు. డ్యూటీకి మాత్రం ఒక్కరోజూ మానలేదు. దీపాలు అందిస్తూనే ఉంది.

సెల్‌ఫోన్లలోకి ఇంటర్నెట్ వచ్చి నా సెంటర్ మూతపడింది. కరీంనగర్‌లో ఒక స్కూల్ ఆఫీసులో చేరాను. అక్కకు కడుపులో గడ్డ ఉందని తెలిసేసరికే ఆలస్యమైంది. నొప్పి ఎప్పటి నుంచి అంటే, "షానా దినాల సంది" అందట డాక్టర్‌తో.  మరిది వాళ్లు హైదరాబాద్ తీసుకెళ్లి, ఇక లాభం లేదంటే వెనక్కి తీసుకొచ్చారు.

రాష్ట్రం వచ్చిన రోజు నేను గోదావరిఖని ఆసుపత్రిలో, ఆమె వార్డులో ఉన్నాను. బయట డప్పులు, పటాకులు. నర్సులు కూడా కిటికీల దగ్గరికి పోయి చూస్తున్నారు. అక్క కళ్లు తెరిచింది.

"ఏంది తమ్మీ చప్పుడు?"

"తెలంగాణ వచ్చిందక్కా."

"వచ్చిందా?" కాసేపు ఆ మోతను విన్నది. "ఆయనుంటే ఎగిరెటోడు." మరి కాసేపటికి, "కిటికి పెట్టు బిడ్డా" అంది. వెళ్లి మూశాను. ఇద్దరం మాట్లాడుకున్నది అదే చివరిసారి.

దహనం గోదావరి ఒడ్డున జరిగింది. ఆమె మరిది నిప్పు పెట్టాడు. ల్యాంప్ రూమ్ ఆడవాళ్లంతా డ్యూటీ దిగి వచ్చారు. వానలింకా పడలేదు. ఇసుకలో చాలా దూరం నడిస్తే గానీ మోకాలి లోతు నీళ్లు దొరకలేదు. అందులోనే మునిగి, తడి బట్టలతో తిరుగు ముఖం పట్టాం.

దారిలో రైలు గేటు పడింది. బొగ్గు వ్యాగన్లు ఒకదాని వెనక ఒకటి, ఎంతకూ తరగకుండా పోతున్నాయి. వ్యాన్ దిగి గేటు దగ్గర నిలబడ్డాం.  వ్యాగన్ల మీది నుంచి నల్లటి దుమ్ము లేచి, అప్పుడే కడుక్కున్న ముఖాల మీద, తడి చీరల మీద పడుతోంది. ఎవరూ దులుపుకోలేదు. చిట్టచివరి పెట్టెలో గార్డు ఒక్కడే నిలబడి ఉన్నాడు. నాకు ఫోన్ చేసిన ఆవిడ ఎందుకో అతని వైపు చెయ్యెత్తింది. అతను అవతలి వైపు చూస్తున్నాడు. బండి మలుపు తిరిగిపోయాక కూడా ఆమె చెయ్యి అలాగే గాల్లో ఉంది.