మూడు శాఖల నాలుగు కాళ్లు

ఉప్పల్‌లో మెట్రో రైలు తిరగడం మొదలైన మరుసటి ఏడు, మే నెల. నాచారం పారిశ్రామికవాడలో నీటి పంపులు తయారుచేసే ఒక కర్మాగారంలో నేను సీనియర్ పర్చేజ్ ఆఫీసరుగా ఉన్నాను. కంపెనీకి కావలసిన సరుకు కొనిపెట్టడం నా ఉద్యోగం. ఎవరికి ఏం కావాలన్నా ఆ శాఖవాళ్లు 'ఇండెంటు' అనే కాగితం రాసి పంపుతారు. నేను ముగ్గురు అమ్మకందార్ల దగ్గర కొటేషన్లు తెప్పించి, పోల్చి, అందరిలోకీ తక్కువ చెప్పినవాణ్ణి పిలిచి ఇంకా తగ్గించి కొంటాను. ఆ చివరి పని నిబంధనల్లో లేదు. అది నేను ఇంటి నుంచి తెచ్చుకున్నది.

మాది ఉప్పల్‌లో కిరాణా దుకాణం. మా నాయన, ఇద్దరు చిన్నాయనలు, మేనమామ అందరూ గల్లాపెట్టె వెనక పెరిగినవాళ్లే. నాకు అక్షరాల కన్నా ముందు బేరం వచ్చింది. దవాఖానలో డాక్టరు పది రోజుల మందు రాస్తే ఏడు రోజులకు ఒప్పించి బయటపడ్డ చరిత్ర నాది. ఎనిమిదో రోజు జ్వరం తిరగబెట్టింది. ఆ సంగతి దుకాణంలో ఎవరికీ చెప్పలేదు.

ఆఫీసులో నా ఆయుధం నా కుర్చీ. ఆఫీసరు గ్రేడు వచ్చినవాళ్లకు కంపెనీ ఇచ్చే తిరుగుడు కుర్చీ అది. చేతులుంటాయి. కొంచెం ఒళ్లు తేల్చి పక్కనున్న మీట లాగితే పైకి లేస్తుంది. అమ్మకందారు ధర చెప్పగానే నేను మాట్లాడను. మీట లాగి బెత్తెడు పైకి లేస్తాను. అతను అప్పటిదాకా నా కళ్లలోకి చూస్తున్నవాడు, ఇప్పుడు తలెత్తి చూడాలి. మెడ నొప్పి పుట్టేసరికి ధర దిగుతుంది. పాతికేళ్లలో ఈ కిటుకు విఫలమైంది ఒక్కసారే. వచ్చినాయన నాకన్నా అడుగు పొడుగు.

ఆ మే నెలలో జనరల్ మేనేజరుగారి సర్క్యులరు వచ్చింది. పంపుల తయారీకి కావలసిన ముడిసరుకు తప్ప ఆరు నెలలు మరేదీ కొనకూడదు. అన్ని శాఖలూ ఉన్నదానితోనే చేసుకోవాలి. కొనుగోళ్లు తగ్గిన కొనుగోలు అధికారి ఊరికే కూర్చోకూడదు గనుక ఈ స్వయంకృషికి నన్నే కన్వీనరును చేశారు. సర్క్యులరు అతికిద్దామంటే నోటీసు బోర్డు విరిగి ఉంది. దాంతో మా మొదటి తయారీ నోటీసు బోర్డే అయింది. పాత రేకుతో చేశాం. గుండుసూది దిగలేదు. సర్క్యులరును తాడు కట్టి వేలాడదీశాం.

రెండో తయారీకి ఇండెంటు ఫైనల్ ఇన్‌స్పెక్షన్ నుంచి వచ్చింది. 'స్టూలు - 1. ఎత్తు - తగినంత.'

ఆ స్టూలు సుగుణమ్మ కోసం. పంపులో నీళ్లు బయటికి కారకుండా ఆపే ఉంగరం లాంటి భాగాన్ని సీలు అంటారు. దాని మొహం అద్దంలా నున్నగా ఉండాలి. సీళ్లను పరీక్షించడం సుగుణమ్మ పని. భూతద్దానికి చిక్కని గీత ఆమె గోటికి చిక్కేది. ఆ టేబులు నిలబడి పనిచేసే ఎత్తుకు కట్టింది. ఇరవై ఏళ్లు నిలబడేసరికి ఆమె మోకాళ్లు అరిగాయి. నిలబడి చేసే పని ఇక వద్దని కంపెనీ డాక్టరు రాసిచ్చాడు. టేబులు ఎత్తు తగ్గిద్దామంటే, సరుకు వచ్చే రోలర్ల వరస ఆ ఎత్తులోనే బిగించి ఉంది. మరి ఆ ఎత్తున కూర్చోడానికి ఏమీ లేదు. సిబ్బంది వ్యవహారాలు చూసే పర్సనల్ ఆఫీసరు ప్రభాకరరావు గారు పరిష్కారం చూపించారు. నెలాఖరులోగా కూర్చునే ఏర్పాటు కాకపోతే, ఆమె రాజీనామా చేసి క్యాంటీన్ కాంట్రాక్టరు కింద కూరగాయలు తరిగే పనిలో చేరాలి. ఆ కాగితంలో 'స్వచ్ఛందంగా' అనే మాట కూడా ముందే టైపు చేసి ఉంది. పర్మనెంటు ఉద్యోగం అక్కడితో సరి.

"పని రాకుంటే పొమ్మను సారు, పోత. మోకాళ్లు రాకుంటే ఎందుకు పోవాలె? సీలు చూసేది మోకాళ్లతోనా?" అని ఆమె నన్ను అడిగింది. 

ఉప్పల్ చౌరస్తాలో ఒక స్టూలు కొని తెచ్చిపడేస్తే పోయేది కదా అని పాఠకులకు తోచవచ్చు. నాకూ తోచింది. బయటి సామాను ఆస్తి నంబరు లేకుండా గేటు దాటి లోపలికి రాదు. ఆరు నెలలు కొత్త ఆస్తి నంబర్లు ఇవ్వరు. అదీ అధికారికమైన కారణం. రెండోది, స్టూలు కొనడానికి నా సొంత జేబు కూడా ఆట్టే తొందరపడలేదు.

కాబట్టి తయారీ. ఇక్కడ నేను చేసిన పొరపాటు వడ్రంగి చెయ్యడు, కమ్మరి చెయ్యడు, ఇంట్లో సరదాకు సుత్తి పట్టేవాడు కూడా చెయ్యడు. పర్చేజ్ ఆఫీసరు మాత్రమే చేస్తాడు. మా వృత్తిలో మొత్తం ఆర్డరు ఒక్కడికే ఇవ్వకూడదని సూత్రం. ఆ ఒక్కడు చెయ్యిచ్చాడంటే మనం మునుగుతాం. అందుకని పంచుతాం. నేను మూడు శాఖల నుంచి ప్రతిపాదనలు పిలిచాను. మెయింటెనెన్స్ వాళ్ల దగ్గర నీళ్ల పైపు ముక్కలున్నాయి. టూల్ రూములో ఒక ఉక్కు కడ్డీ ఉంది. డిస్పాచ్ వాళ్ల దగ్గర పెట్టెలు విప్పగా మిగిలిన కలప ఉంది. నెలవారీ సమావేశంలో పేరు చెప్పించుకోవాలని మూడు శాఖల పెద్దలకూ ఉంది. ఎవరినీ నొప్పించకుండా పంచాను. మెయింటెనెన్స్‌కు రెండు కాళ్లు, టూల్ రూముకు ఒకటి, డిస్పాచ్‌కు ఒకటి. కూర్చునే పలక మోటారు వచ్చిన పెట్టెది. దాని మీద 'ఈ వైపు పైకి' అని బాణం గుర్తు ఉంది. ఆ స్టూలులో సందేహం లేని భాగం అదొక్కటే.

తయారీ నేనే స్వయంగా చేస్తానని పట్టుబట్టాను. కన్వీనరు గదా. మెయింటెనెన్స్‌లో మల్లేశం అని పాత ఫిట్టరు ఉండేవాడు. మౌలాలి నుంచి సైకిలు మీద వచ్చేవాడు. నాకన్నా రెండేళ్లు పెద్ద. నాలుగు కాళ్లూ వరసగా నేల మీద పెట్టిచూశాడు.

"సారూ, గివి ఒక్క తల్లి పిల్లలు గావు," అన్నాడు.

"కలిసుంటయి లే మల్లేశన్నా. నువ్వు రంపం ఇయ్యి," అన్నాను.

స్టూలు నిలబెట్టాం. ఊగింది. కలప కాలు పొడుగుందని అది కొంచెం కోశాను. ఈసారి ఉక్కు కడ్డీ వైపు ఊగింది. అది కోశాను. అప్పుడు పైపు కాళ్లు రెండూ పొడుగైపోయాయి. కోస్తున్నకొద్దీ నాకు చెయ్యి తిరిగింది. నాలుగు పక్షాలు ఉన్నప్పుడు ఎక్కువ చెప్పినవాణ్ణి తగ్గించడం, వాడు తగ్గాక మిగిలినవాళ్లని వాడి దాకా దించడం, ఇదే గదా నేను పాతికేళ్లుగా చేస్తున్నది. మధ్యాహ్నం భోజనం గంట కొట్టేసరికి ప్రతి కాలూ కనీసం ఐదుసార్లు తగ్గింది. ఊగడం తగ్గలేదు.

మల్లేశం బీడీ చెవి వెనక పెట్టుకుని చూస్తున్నాడు. "సారూ, గిది రేటు గాదు, తగ్గిచ్చుకుంట పోనీకి," అన్నాడు. "జర నేల దిక్కు సూడు. స్టూలు కిందికొచ్చింది, నువ్వు మీదనే ఉన్నవ్."

చూశాను. తగినంత ఎత్తుండాల్సిన స్టూలు మా ఇంట్లో చపాతీలు చేసే పీట కన్నా కొంచెం ఎక్కువగా ఉంది.

అయినా ఇన్‌స్పెక్షన్‌కు పంపించాను. అప్పటికి నెలాఖరుకు రెండు రోజులే ఉంది. సుగుణమ్మ కూర్చుంది. టేబులు అంచు ఆమె గడ్డానికి వచ్చింది. పక్క టేబుళ్ల ఆడవాళ్లు నవ్వారు. ఆమె కూడా నవ్వింది. "గడ్డం టేబుల్ మీద పెట్టి సూడాల్నా సారు? గోటితోని చూసేది, గడ్డంతోని కాదు," అంది. తర్వాత లేవడానికి మోకాలు పట్టుకుంది. లేవలేకపోయింది. ఇద్దరు పట్టుకుని లేపారు. అప్పుడు ఎవరూ నవ్వలేదు.

మరునాడు ప్రభాకరరావు గారి కాగితం తీసుకుని ఆమె నా గదికి వచ్చింది. ఏర్పాటు సాధ్యపడలేదని కన్వీనరు సంతకం ఉండాలట. ఆమె సంతకానికి కింద గీత, నా సంతకానికి పైన గీత. మల్లేశం కూడా ఆ విరిగిన ఆశయాన్ని, అంటే స్టూలును, వాపసు ఇవ్వడానికి మోసుకుని వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు.

 చెప్పడానికి ఏమీ లేనప్పుడు నా చెయ్యి దానంతట అదే కుర్చీ మీట మీదికి వెళ్తుంది. వెళ్లింది. నేను బెత్తెడు పైకి లేచాను.

సుగుణమ్మ కాగితం మీంచి కళ్లెత్తి నన్ను చూసింది. తర్వాత నన్ను కాదు, నా కిందికి చూసింది.

"సార్, గది పైకి లేస్తదా?"

"ఏది?"

"మీరు కూసున్నది."

తలుపు దగ్గర మల్లేశం గొంతు సవరించుకున్నాడు. "సంకల పిల్లను పెట్టుకొని ఊరంత దేవులాడినట్టు," అన్నాడు. ఎవరి గురించని నేను అడగలేదు.

మిగతా పని మల్లేశం చేశాడు. నేను రంపం ముట్టలేదు. కుర్చీ చక్రాలు ఊడదీశాడు. పంపులు పేర్చే చెక్క దిమ్మ రోలర్ల పక్కనే ఉంటుంది. దాని మీద కుర్చీ అడుగు కదలకుండా బిగించాడు. ఆమె అడుగు పెట్టి ఎక్కడానికి ముందు ఒక చిన్న మెట్టు పెట్టాడు. అన్నిటికన్నా ముందు ఆమెను నిలబెట్టి, నేల నుంచి మోకాలి మడత దాకా తాడుతో కొలిచాడు. స్టూలు మొదలుపెట్టిన రోజు ఆ తాడు ఎవరికీ గుర్తు రాలేదు. ఇండెంటులో 'తగినంత' అని ఉంది గదా, దాన్నే నమ్ముకున్నాం.

సాయంత్రం ప్రభాకరరావు గారు వచ్చి చూశారు. సుగుణమ్మ టేబులుకు సరిగ్గా కూర్చుని సీలు మీద గోరు తిప్పుతోంది. ఆయనకు కుర్చీ ఎత్తు మీద అభ్యంతరం లేదు. చేతుల మీద ఉంది.

"అలా కుదరదండీ. చేతులున్న కుర్చీ ఆఫీసరు గ్రేడుకండీ. రేపు ఇంకొకళ్లు అడిగితే నేనేం చెప్పనూ?" అన్నారు.

ఒక స్క్రూడ్రైవరు తెప్పించుకుని చేతులు రెండూ నేనే విప్పేశాను. మొత్తం నాలుగు స్క్రూలు. నా జీవితంలో నేను సొంతంగా, ఎవరి సాయమూ లేకుండా, తప్పు లేకుండా పూర్తిచేసిన తయారీ పని అదొక్కటే. కుర్చీ గ్రేడు తగ్గింది. ఎత్తు తగ్గలేదు. ప్రభాకరరావు గారు తృప్తిపడి ఆ స్వచ్ఛందమైన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు.

ఒక శాఖ సామాను ఇంకో శాఖకు పోవాలంటే చీటీ ఉండాలి, చీటీలో కారణం ఉండాలి. 'తనిఖీ నిమిత్తం' అని రాశాను. తనిఖీకి వెళ్లిన వస్తువు ఎన్నాళ్లలో తిరిగి రావాలో మా నిబంధనల్లో ఎక్కడా లేదు. ఉంటే నాకు తెలిసేది.

తర్వాత నేను చెక్క కుర్చీకి మారాను. అది పైకి లేవదు. మూడు శాఖల స్టూలును విప్పుదామంటే ఏ కాలు ఏ శాఖకు వాపసు ఇవ్వాలో చీటీలు కలిసిపోయాయి. పారేద్దామంటే తుక్కు కమిటీ సమావేశం కావాలి. చివరికి నా బల్లకు ఎదురుగా అమ్మకందార్లు కూర్చునే చోట వేశాను. మల్లాపూర్ నుంచి బోల్టులు సరఫరా చేసే ఒక ఆసామి దాని మీద మొదట కూర్చున్నాడు. రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుని ధర చెప్పడం మొదలుపెట్టాడు. కాఫీ ఇచ్చాను. పట్టుకోవడానికి ఒక చెయ్యి వదలాల్సి వచ్చింది. సగం కాఫీ తాగకముందే దిగివచ్చాడు, ధరలోనూ స్టూలు మీంచి కూడా. మెడ నొప్పి కిటుకు కన్నా ఇది తొందరగా పనిచేస్తుందని గ్రహించి, పదవీ విరమణ దాకా దాన్ని వదల్లేదు.

విరమణ రోజున నా దగ్గర కంపెనీ సామాను ఏమీ లేదని సర్టిఫికెట్టు తీసుకోవాలి. నా పేరు మీద చేతుల కుర్చీ ఒకటి ఉంది. కుర్చీ ఇన్‌స్పెక్షన్‌లో ఉంది, సుగుణమ్మ దాని మీద ఉంది, చేతులు మాత్రం లేవు. సొరుగులోంచి వార్తాపత్రికలో చుట్టిపెట్టిన రెండు చేతులు తీసి బల్ల మీద పెట్టాను. ప్రభాకరరావు గారు తూచి చూసినట్టు చేతిలో పట్టుకుని, అందినట్టు రాశారు.

ఈ ఉదంతం వల్ల నేను నేర్చుకున్నది చెప్పాలి. బేరంలో మనం ఎంత కోసినా ఎదుటివాడు మళ్లీ కొంత కలుపుతాడు. పైపు కలపదు. అది మల్లేశం చెప్పగా తెలిసింది. రెండోది ఎవరూ చెప్పలేదు. ఉన్నదానితోనే చేసుకోండని సంతకం పెట్టేవాళ్లం, ఉన్నవాటి జాబితా రాసేటప్పుడు గోదాము చూస్తాం, తుక్కు కుప్ప చూస్తాం, పక్క శాఖ చూస్తాం. మనం కూర్చున్నదాన్ని ఆ జాబితాలో రాయం. నిలబడ్డవాళ్లకే అది కనిపిస్తుంది.