గోడకూ తలకూ మధ్య

కెలమంగలం బడి అయ్యవారి కుడిచేతి వేళ్ల కణుపులు ఎప్పుడూ వాచి ఉండేవి. అవి నేను ఆలస్యంగా చూశాను.

పంతొమ్మిదివందల యాభైల చివర హోసూరు నుంచి పత్రికకు వార్తలు పంపేవాణ్ణి. ఒకరోజు కెలమంగలంలో బస్సు కోసం నిలబడి, బడి కిటికీలోంచి లోపలికి చూశాను. పట్టుపురుగులు మేపేవాళ్ల పిల్ల ఒకతి అరుస్తోంది. అయ్యవారి చెయ్యి ఆమె తల వెనక ఉంది. తల గోడకేసి దబదబా పోతోంది. లోపలికి వెళ్లి అడగలేదు. విద్యార్థిని తలను ఉపాధ్యాయుడు గోడకు కొట్టాడని నాలుగు వాక్యాలు రాసి పంపాను. అచ్చయింది. ఆయన్ను బదిలీ చేశారు. తండ్రి పిల్లను బడి మాన్పించాడు.

ఆయన ఊరు విడిచే రోజు బస్సు దగ్గర కలిశాను. సాగనంపడానికి వచ్చిన తోటి పంతులు, "ఆ ఊళ్లోనన్నా నీ చేతిని దిండు చేసుకోవద్దు అయ్యవారూ!" అని నవ్వుతున్నాడు. అదేమిటని అడిగితే అతనే చెప్పాడు. ఆ పిల్ల కోపమొస్తే తల గోడకు కొట్టుకునేది, ఆపబోతే కరిచేది. అందుకే ఈయన మధ్యలో అరచెయ్యి పెట్టి, "కొట్టుకోమ్మా, నా చెయ్యి ఉందిలే" అంటూ ఆమె అలిసేదాకా కూర్చునేవాడు. తర్వాత ఆమే పలక అందుకునేది.

ఆ వార్త రాసింది నేనేనని చెప్పాను.

"కిటికీలోంచి అట్లే కనపడుతుందప్పా" అన్నాడాయన. "నా సంగతి వదిలెయ్. ఆ బిడ్డను మళ్లా బడికి పంపమని పత్రికలో రెండు మాటలు రాయి."

రాస్తానన్నాను. అది రాయాలంటే మొదటి వార్త తప్పని రాయాలి. రాయలేదు. ఆ తర్వాత కెలమంగలం వెళ్లినప్పుడల్లా, బడి దాకా పోకుండా సంత దగ్గరే బస్సు దిగేవాణ్ణి.