సిస్టర్ పిలార్ నేర్పిన ఆజ్ఞలు

ఆస్పత్రి వరండాలో ఎవరో రాగిజావ చల్లారుస్తున్నారు. ఆ వెచ్చని వాసన తగిలితే చాలు, ఇన్నేళ్ళయినా నా నోట ‘బేబా’ అనే మాట వచ్చేస్తుంది. ‘తాగండి’ అని అర్థం. అది స్పానిష్ మాట. మడకశిర దగ్గర చెరువు పనుల్లో మట్టి మోసిన నాకు ఆ భాష నేర్పింది స్పెయిన్ నుంచి వచ్చిన సన్యాసిని సిస్టర్ పిలార్.

పంతొమ్మిదివందల అరవైలలో వరుసగా వానలు మొహం చాటేసిన కాలమది. నా భర్త బండల పనికి తాడిపత్రి పోయాడు. పక్షవాతంతో మంచం పట్టిన ఆ ముసలి సిస్టరుకు తోడుగా మిషన్ ఆస్పత్రి వాళ్ళు నన్ను పెట్టుకున్నారు. మొదటిరోజు జావగిన్నెతో ఆమె ముందు నిలబడ్డాను.

“ఊరికే నిలబడుకుంటే తాగను. నా భాషలో నాకు ఆజ్ఞ ఇయ్యి,” అన్నారామె, మా దగ్గర నేర్చుకున్న తెలుగులో.

“నేను మీకు చెప్పేదేందమ్మా? చెప్పించుకునేదే మాకు అలవాటు,” అన్నాను. ‘ఎత్తవే, దించవే, జరగవే’ అన్న మాటల మధ్యనే పెరిగినదాన్ని.

ఆమె ఓపిగ్గా నేర్పారు. క్రియ చివర ‘ఆర్’ ఉంటే దాన్ని తీసి ‘ఏ’ పెట్టాలి. ‘ఏర్’, ‘ఈర్’ ఉంటే ‘ఆ’ పెట్టాలి. ‘రెస్పిరార్’ కాస్తా ‘రెస్పీరే’ అవుతుంది, ఊపిరి తీసుకోండి అని. ‘బెబేర్’ అయితే ‘బేబా’. ‘అబ్రీర్’ అయితే ‘ఆబ్రా’, తెరవండి. ఇవి ‘మీరు’ అనదగ్గవాళ్ళకు. ‘నువ్వు’ అనే చనువుంటే ఆ చివరలు తారుమారవుతాయి: రెస్పీరా, బేబే, ఆబ్రే. నేను తప్పు పలికితే ఆమె నోరు బిగించేవారు. సరిగ్గా పలికితే తెరిచేవారు.

ఒక ఎండాకాలం నా బిడ్డకు జ్వరం తగులుకుంది. బావి ఎండిపోయి, నీళ్ళకు రెండు మైళ్ళు నడిచి వచ్చాను. ఆ పూట సిస్టర్ గిన్నె తోసేశారు. సగం జావ నా చీరమీద ఒలికింది. “బేబే!” అని అరిచాను. పని పోయిందనుకున్నాను. ఆమె నన్నే చూస్తూ మిగిలిన జావంతా తాగారు.

“తప్పయిపోయిందమ్మా.”

“తప్పేమి లేదు. సరిగ్గానే పలికినావు. అది మేము అక్కచెల్లెండ్లకు చెప్పే మాట. ఇంక అట్లే చెప్పు. ఏమైంది నీకు?”

“బిడ్డకు ఒళ్ళు కాలిపోతాండాది,” అన్నాను.

ఆమె బిడ్డను ఆస్పత్రికే తెప్పించి, డాక్టరుకు చూపించారు. రెండోనాటికి జ్వరం దిగింది. బిడ్డ నిద్రపోయాక, ఎడమచేత్తో నేలమీది చాప చూపించి, “డెస్కాన్సా,” అన్నారు నాతో.

“అంటే?”

“నడుము వాల్చు.”

“గిన్నెలు కడిగేదుందమ్మా.”

“ఇది ఆజ్ఞ,” అన్నారు.

మళ్ళీ వానలు పడకముందే సిస్టర్ పోయారు. నేను ఆస్పత్రిలో ఆయాగా చేరాను. పనులు చెప్పినవాళ్ళు లెక్కలేనంతమంది. చెప్పినవన్నీ చేశాను. పడుకోమని చెప్పింది మాత్రం ఆమె ఒక్కరే. ఆనాడు ఆ చాపమీద కాసేపే ఒరిగి, లేవమని ఎవరూ అనకముందే లేచిపోయాను. ఇప్పటికీ అంతే. ఆ ఒక్క ఆజ్ఞను పాటించడం నాకింకా చేతకాలేదు.