అమావాస్యనాడు కట్టిన మిషన్

కుళ్ళాయమ్మ కథ విందామని పోయిన నాకు, ధర్మవరంలో ఆ సందు మలుపు తిరగకముందే మగ్గం చప్పుడు వినిపించింది. టక్కు, టక్కు, చిన్న విరామం, మళ్లీ టక్కు. మధ్యాహ్నపు ఎండ ఆ చప్పుడు వింటూ సందులోనే ఆగిపోయినట్టుంది. తలుపు తీసే ఉంది. మగ్గం గుంతలో నడుము దాకా దిగి, ఉల్లిపొర రంగు పట్టు మీద వంగి ఉంది కుళ్ళాయమ్మ. వయసు నలభై ఆరేళ్లు. పెనుకొండ నుంచి కోడలిగా వచ్చిన నాటి నుంచీ ఆమె పాదాలు ఆ తొక్కుడు కర్రల మీదే ఉన్నాయి.

మూడేళ్ల కిందట గుండె అడుగు తప్పింది. వంగి గట్టిగా తొక్కుతుంటే ఉన్నట్టుండి దడ మొదలయ్యేది, మూసిన గదిలో పావురం చిక్కుకున్నట్టు. కళ్ల ముందు పోగులన్నీ కలిసిపోయేవి. పావుగంటకు, వచ్చినంత అకస్మాత్తుగా ఆగిపోయేది. ఆసుపత్రికి చేరేసరికి చూపించడానికి ఏమీ మిగిలేది కాదు.

"పని ఎగ్గొట్టేదానికి బాగా నేర్చినావు మే," అనేవాడు భర్త ఎర్రిస్వామి నవ్వుతూ. దడకంటే ఆ నవ్వే ఆమెను ఎక్కువ బాధపెట్టేది.

హిందూపురంలో గుండె డాక్టరు ప్రమోద, ఒక రోజంతా గుండె నడకను రాసుకునే చిన్న మిషన్‌ను ఛాతీకి అంటించుకోవాలంది. కుళ్ళాయమ్మ అందుకు అమావాస్యను ఎంచుకుంది. నేతగాళ్లు మగ్గం ముట్టని రోజు అది. ఆమెకు తీరికా ఆ రోజే. మిషన్ పట్టీలు తడవకుండా మంచం మీద కూర్చుని కందిపప్పు ఏరింది. గుండె బుద్ధిగా నడిచింది. రిపోర్టులో ఏ తేడా రాలేదు.

"సూడు, మిషనే చెప్పింది నీకేం ల్యాదని," అన్నాడు ఎర్రిస్వామి.

నెల్లాళ్లు ఆమె ఆ మాటే ఎత్తలేదు. ఒకరోజు మగ్గం మీదే తూలిపడింది. మళ్లీ హిందూపురం తీసుకుపోయారు.

"మిషన్ కట్టుకున్న రోజు ఏం పని చేసినావమ్మా?" అడిగింది ప్రమోద.

"ఏం పని మేడం? అమావాస్య కదా, మగ్గం దిగల్యా."

ప్రమోద పెన్ను కింద పెట్టి నవ్వేసింది. "నీ గుండెకూ సెలవిచ్చినావన్నమాట! ఈసారి కట్టుకొని నెయ్యమ్మా తల్లీ."

నేసింది. మూడు గంటల వేళ నిమిషానికి నూట తొంభై సార్లు కొట్టుకున్న గుండె, కాగితం మీద ముళ్లకంచెలా దిగింది. ఆ గీతలను ఎర్రిస్వామి చాలాసేపు వేలితో తడిమాడు.

వైద్యానికి బెంగళూరు పంపింది ప్రమోద. అక్కడ ఛాతీ కోయలేదు. తొడ మొదట్లోని రక్తనాళం గుండా సన్నటి తీగలు గుండె దాకా పంపారు. ఆమె మెలకువగానే ఉంది. జాడ పట్టేందుకు దడను డాక్టర్లే రేపితే, "ఇదే సార్, ఇదే అది!" అని అరిచిందట. గుండెను నడిపే కరెంటు సుడి తిరుగుతున్న దారిని వెతికి పట్టుకుని, తీగ కొసతో ఇంత చోటు కాల్చారు. మూడోనాటికి ఇల్లు చేరింది. ఎనిమిది నెలలైంది, మళ్లీ దడ రాలేదు.

లేస్తూ అడిగాను, తీగలు గుండెలోకి పోతుంటే భయం వేయలేదా అని.

ఆమె వాకిలి వైపు చూసి గొంతు తగ్గించింది.

"భయమేంది సార్. ఆ కాయితం చూసినాక మా ఆయప్ప వచ్చి నా పక్కన కూకోని, 'శానా నొస్తాందా మే?' అన్న్యాడు. రెండేండ్లకు అడిగినాడు. సగం నాకు ఆపొద్దే తగ్గిపాయ. ఆయప్పతో అనొద్దండి, నెత్తికెక్కుతాడు."