చీరలు పరిచిన చెయ్యి

మా వియ్యంకుడు పోయాడు. ఆదివారం పొద్దున అమ్మాయి ఫోన్ చేసి, "నాన్నా, మావయ్యగారు నిద్రలోనే వెళ్ళిపోయారు" అంది. అప్పుడు నేను గరాజ్‌లో కూచుని బోను స్ప్రింగుకి నూనె రాస్తున్నా. ఆయన నాకన్నా రెండేళ్ళు చిన్న. ఇందులోనూ నన్ను దాటేశాడు. ముందు నాకొచ్చిన ఆలోచన అదే. ఏడుపు తర్వాత వచ్చింది.

నేను చదివింది ఐదో తరగతి. ఆయన జ్ఞాపకంగా నాలుగు ముక్కలు నువ్వే రాయాలి అన్నారు ఇక్కడి మన తెలుగువాళ్ళు. నేను ముందు పోయుంటే ఆయన ఇంతకన్నా బాగా రాసేవాడు. అదీ నాకు కడుపుమంటే.

ఉన్నమాట చెప్తా. ఆయన్ని చూస్తే నాకు కుళ్ళు. దానికి కారణం పాసమ్‌లు.

పిల్లల దగ్గరికని ఈ తెల్లవాళ్ళ దేశం వచ్చాం. ఇద్దరం ఫ్లాట్ బుష్ అనే పేటలోనే, రెండు వీధుల ఎడం. ఇళ్ళ వెనక వాగు, వాగు పొడుగునా చెట్లు. ఆ చెట్ల మీద పాసమ్‌లు. పిల్లికన్నా కాస్త పెద్దది, ఒళ్ళంతా బొచ్చు, గుబురు తోక. చిగుళ్ళు తింటది, పిట్టల గుడ్లు తింటది. అందుకని ఇక్కడివాళ్ళు గుంపుగా చేరి చెట్లకి బోన్లు బిగిస్తారు. లోపల తల పెడితే స్ప్రింగు మెడ పట్టేసి చంపేస్తది. ఆ గుంపుని నడిపే తెల్లావిడ మా వీధే. పనీపాటా లేని ముసలోళ్ళం కదా అని మా ఇద్దరికీ చెరో బోనిచ్చి, చెరో చెట్టు చూపించింది.

నేను పొంగిపోయా. తెనాలి దగ్గర మా పొలాల్లో వెదురు బుట్టలు పెట్టి ఎలకల్ని పట్టినవాణ్ణి నేను. ఆయన బెజవాడ బట్టల కొట్లో జీవితమంతా ఆడవాళ్ళకి చీరలు చూపించినవాడు.

"ఇది మీ వల్ల కాదు బావగారూ, ఇంట్లో కూచుని చీరలు మడతెట్టుకోండి" అన్నా.

"మడతెట్టేది కుర్రాళ్ళు బావగారూ. విప్పి పరిచేది నేను" అన్నాడు.

చోటు చూడ్డంలో నన్ను మించినవాడు లేడు. గడ్డి నలిగి సన్నగా దారి పడ్డచోట, బెరడు మీద గోళ్ళ గీతలున్న మాను వెతకాలి. జంతువు రోజూ ఎక్కేది దాన్నే. అది ఆయనకి నేర్పింది నేను. ఆ తర్వాత నా బోనుకి ఎలకల బుట్టకి చేసినట్టే చేశా. మట్టి పూశా. ఆకులు కప్పా. మనిషి వాసన తగలకూడదని గ్లౌజులు తొడిగి లోపల ఆపిలు ముక్క పెట్టా. పొద్దున వెళ్ళి చూస్తే ముక్క ఎండిపోయి ఉంది.

ఆయన ఏదీ కప్పలేదు. మైదాపిండిలో పంచదార పొడి, దాల్చినచెక్క పొడి కలిపి తెచ్చాడు. మొదట్లోంచి బోను దాకా మానుకి అరచేత్తో తెల్లగా బారున పూశాడు.

"ఏంటి, చెట్టుకి పెళ్ళి చేస్తున్నారా?" అన్నా.

"దొంగని పట్టాలంటే దాక్కోవాలి. ఇది దొంగ కాదండీ, కొట్లోకొచ్చే ఆడమనిషి లాంటిది. కొనడానికి రాదు, చూడ్డానికొస్తది. చూసిందా, సగం అమ్మినట్టే."

తెల్లారేసరికి ఆయన బోన్లో పాసమ్ వేలాడుతోంది.

తీసేటప్పుడు దానితో "ఏమనుకోకమ్మా" అన్నాడు. ప్రతిసారీ అలాగే అనేవాడు. ఒంట్లో వేడి ఉండగానే బొచ్చు పీకితే సులువుగా వస్తదని, దాన్ని ఉన్నిలో కలిపి గ్లౌజులు అల్లుతారని తెల్లావిడ చెప్పింది. ఆయన చిటికెడు బొచ్చు తీసి రెండు వేళ్ళ మధ్య నలిపి కళ్ళు మూసుకున్నాడు. "ఇంత మెత్తటి సరుకు నా చేతికి ఎప్పుడూ రాలేదండీ" అన్నాడు. నాకూ పట్టుకుని చూడాలనిపించింది. అడగలేదు.

ఆ తర్వాత వరసపెట్టి ఆయనకే పడ్డాయి. గుంపంతా టీ తాగేచోట అందరూ ఆయన చుట్టే. వచ్చింది రెండు ఇంగ్లీషు ముక్కలు. అయినా చీర పరిచినట్టు చేతులు ఊపి చూపిస్తే, తెల్లవాళ్ళు నోరు తెరుచుకుని చూసేవాళ్ళు. నేను బిస్కత్తు పట్టుకుని పక్కన నిలబడేవాణ్ణి. ఒకసారి ఎవరో నన్ను చూపించి ఎవరని అడిగితే, తెల్లావిడ "ఆయన చుట్టం" అంది. ఆడపిల్లనిచ్చినా తలెత్తుకుని తిరిగినవాణ్ణి, ఓ ఎలకలాంటి జంతువు దగ్గర ఆయన చుట్టాన్నయిపోయా.

నాకు కావలసింది ఒక్కటే ఒక్కటి. నా బోన్లో, నా పద్ధతిలో, ఆయన చూస్తుండగా పడాలి.

"కాస్త పిండివ్వనా బావగారూ?" అనేవాడు.

"నాకక్కర్లేదు."

"సర్లెండి. ఆకులు మటుకు బాగా కప్పారు. పాసమ్‌కే కాదు, నాకూ కనపడట్లేదు."

పోవడానికి వారం ముందు, ఆయన పిండి డబ్బా పట్టుకుని నా చెట్టు దగ్గరికొచ్చాడు. అప్పటికే గుండె బాగాలేదు. "డాక్టరు నడవొద్దన్నాడుగా?" అన్నా. "మీ చెట్టు దాకా నడిస్తే నడక కిందికి రాదులెండి" అన్నాడు. నేను వద్దనేలోపే ఆకులన్నీ పీకి పారేసి, మానంతా పిండి పూసేశాడు. పూసి, బోనుకి పైన అరచెయ్యి ఆనించి అలాగే నిలబడిపోయాడు.

"చెయ్యి తియ్యండి. ఇది నా చెట్టు."

"తీస్తానండీ. ఆయాసం తగ్గనీండి."

కాసేపటికి తీశాడు. "పడితే మీదేనని చెప్పుకోండి. నేను సాక్ష్యానికి రాన్లెండి" అని నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

నూనె రాద్దామని విప్పి తెచ్చిన బోను, ఆయన పోయిన రాత్రే చీకట్లో తిరిగి చెట్టుకి బిగించొచ్చా. చిన్నకర్మ అయ్యాక వాగు దగ్గరికి వెళ్ళా. నా బోన్లో పాసమ్ ఉంది. పెద్దది. మాను మొదట్లోంచి బోను దాకా పిండంతా నాకుతూ ఎక్కినట్టుంది, బెరడు శుభ్రంగా ఉంది. దాన్ని తీసేటప్పుడు "ఏమనుకోకమ్మా" అని నా నోట్లోంచి వచ్చింది. అదీ ఆయన మాటే. చిటికెడు బొచ్చు తీసి నలిపి చూశా. మెత్తగానే ఉంది.

తెల్లావిడ అటుగా వచ్చింది. సంబరంగా "యువర్స్?" అంది.

"యెస్" అన్నా. అబద్ధమేం కాదు. బోను నాది, చెట్టు నాది. ఆవిడ చప్పట్లు కొట్టి వెళ్ళింది. చుట్టూ చూశా. చూడాల్సినవాడు లేడు.

బోనుకి పైన పిండి అలాగే ఉంది. మాను ముందుకి వంగి ఉండటంతో అక్కడ వాన తగల్లేదు. అరచెయ్యి, అయిదు వేళ్ళు, తెల్లగా.

నా చెయ్యి దాని మీద పెట్టి చూశా.

ఆయనదే పెద్దది.