యాడికి పోతాండావప్పా

మా గోదావరి జిల్లాల్లో బయల్దేరిన మనిషిని ఎక్కడికని అడగరు, అపశకునం. కడపలో విమానం దిగి జమ్మలమడుగు బస్సెక్కానో లేదో, కండక్టరు కాక మరో నలుగురు అదే అడిగారు: "యాడికి పోతాండావప్పా?" పక్కసీటు పెద్దాయనైతే రెండుసార్లు. నాకు ఒళ్లు మండింది. "ప్రొద్దుటూరుకండీ, ప్రొద్దుటూరుకి!" అని బస్సంతా వినబడేలా కసిరి, కిటికీకి తల ఆనించి పడుకున్నాను.

ఎవరో భుజం పట్టి కుదిపారు. బస్సు ఆగి ఉంది. పెద్దాయన నా సంచి పైనుంచి దించి పట్టుకున్నాడు. "ప్రొద్దుటూరొచ్చె, దిగప్పా!" అని ముందునుంచీ వెనకనుంచీ ఒకటే కేకలు. డ్రైవరు కూడా వెనక్కి తిరిగి చూస్తున్నాడు.

నేను దిగాల్సిన ఊరు నాకు తప్ప బస్సులో అందరికీ గుర్తుంది.