రెండోసారి అడగని ఊరు

తొంభయ్యో దశకం చివర్లో నేను డెల్టాలోని ఒక ప్రైవేటు చక్కెర ఫ్యాక్టరీలో కేన్ మేనేజరుగా మండపేట వైపు జోన్ చూస్తున్నాను. చక్కెర తీయడం మిల్లువాళ్ళ పని. చెరకు నాటించడం మొదలు నరికించి గేటు దాటించేదాకా మా కేన్ విభాగం పని. ఆ ఏడాది క్రషింగ్ ముగియగానే నన్నూ, మిల్లు తరఫున డిప్యూటీ చీఫ్ ఇంజనీరు వర్మ గారినీ అక్కడి పద్ధతులు చూసి రమ్మని కొలంబియా దేశంలోని కాలీ నగరానికి పంపారు. ఆ ఊరి చుట్టూ చెరకు, ఊరి నిండా సల్సా నాట్యం. నాకు చెరకుతోనే పని అనుకుని విమానం ఎక్కాను.

మా జోన్‌లో అప్పుడు గడ్డిదుబ్బు తెగులు. కార్శి తోటలు, అంటే నరికిన మోళ్ళ నుంచి మళ్ళీ చిగిర్చే తోటలు, గడ్డి పొదల్లా తయారవుతున్నాయి. నాటే ముచ్చెల్ని, అంటే విత్తనానికి కోసిన చెరకు ముక్కల్ని, వేడితో శుద్ధి చేస్తే తెగులు పోతుంది. అందుకు కావలసిన వేడిగాలి యంత్రం మా దగ్గరా ఉంది. కానీ ఆ వేడికి తెగులుతోపాటు మొలక వచ్చే చెరకు కన్ను కూడా చచ్చి, ముచ్చె మొలిచేది కాదు. జోన్‌లో పెద్ద రైతు సత్యనారాయణ గారు నేను బయల్దేరేముందు ఒక మాట చెప్పేశారు. "ఈసారీ మొలక రాకపోతే చెరకు తీసేసి చేపల చెరువు తవ్వించేస్తానండి. మీరంటే గౌరవం కాబట్టి ముందే చెబుతున్నాను." ఆయన తవ్విస్తే ఊరంతా తవ్విస్తుంది. ఆ తర్వాత నా జోనూ ఉండదు, నేనూ ఉండను.

కాలీలో మమ్మల్ని చూసుకున్నావిడ మార్తా, చెరకు నర్సరీల అధికారిణి. ఇంగ్లీషు బాగానే మాట్లాడేది. మొదటి రోజే అడిగింది: ముచ్చెలు శుద్ధి చేసే షెడ్డు ఊరికి దూరం, పని తెల్లారగానే మొదలవుతుంది, రేపు జీపు తీసుకురానా అని. నేను చేతులు జోడించి, అయ్యో వద్దండి, మీకెందుకు శ్రమ అన్నాను. ఆవిడ నవ్వి, సరేనంది.

మా వైపు ఎవరింటికెళ్ళినా కాఫీ అనగానే "వద్దండి, ఇప్పుడే తాగొచ్చాం" అనాలి. వాళ్ళు "భలేవారే" అంటూ తెచ్చి చేతిలో పెట్టాలి. మొదటిసారే సరే అన్నవాడు తిండిపోతు కింద లెక్క. ఆ లెక్కలోనే మర్నాడు తెల్లారకముందే బూట్లు తొడుక్కుని హోటల్ వరండాలో కూర్చున్నాను. జీపు రాలేదు. ఆ రోజూ రాలేదు, ఆ తర్వాతా రాలేదు. వర్మ గారితోపాటు మిల్లుల చుట్టూ తిరుగుతూ, కన్ను చావకుండా శుద్ధి చేసే కిటుకేదో ఈవిడ దాచుకుంటోందని లోలోపల మండిపడ్డాను. ఇంత దూరం వచ్చి ఉత్త చేతులతో వెళ్ళి సత్యనారాయణ గారికి ఏం చెప్పనని దిగులు కూడా పట్టుకుంది.

తిరుగు ప్రయాణానికి ముందురోజు సాయంత్రం మమ్మల్ని ఒక సల్సా హాలుకి తీసుకెళ్ళారు. తాతలూ మనవరాళ్ళూ, ఆఫీసర్లూ డ్రైవర్లూ అంతా కలిసి ఆడుతున్నారు. మార్తా వచ్చి నాకు చెయ్యి చాపింది. అలవాటు ప్రకారం, వద్దండి అన్నాను. ఆవిడ మొహంలో ఏ మార్పూ లేదు. పక్కకి తిరిగి వర్మ గారికి చెయ్యి చాపింది. భీమవరం మనిషి, జంకూ గొంకూ లేదు, లేచి వెళ్ళిపోయారు. పాట అయ్యాక చెమట తుడుచుకుంటూ వచ్చి అన్నారు: "ఏంటండీ, పెళ్ళి పంక్తిలో కూర్చున్నట్టు చాలు చాలంటారు? ఇక్కడ రెండోసారి వడ్డించరండి."

ఆ మాటతో నాకు ఆ వరండా, రాని జీపు ఒక్కసారిగా అర్థమయ్యాయి. లేచి మార్తా దగ్గరికి వెళ్ళి మొహమాటం లేకుండా చెప్పాను. "రేపు ఆ షెడ్డు నేను చూడాలి. మీరే తీసుకెళ్ళాలి."

ఆవిడ ఆశ్చర్యంగా చూసింది. "మొదటి రోజే అడిగానుగా. మీరు వద్దన్నారు."

వద్దంటే మా ఊళ్ళో మళ్ళీ అడగమని అర్థమని చెబితే పడీ పడీ నవ్వింది. జీపు తెస్తాను గానీ ముందు ఒక పాటకి ఆడాలంది. ఆడాను. దమ్ము చేలో బురదలోంచి కాళ్ళు పీకి వేసినట్టే ఆడాను. ఎవరూ నవ్వలేదు, అది ఆ ఊరి గొప్పతనం.

మర్నాడు తెల్లారేసరికి షెడ్డులో ఉన్నాం. విమానం మధ్యాహ్నం. వాళ్ళు చేసేదల్లా ఇది: ముచ్చెల్ని ముందురోజు వేడినీళ్ళలో కాసేపు ముంచి తీసేస్తారు. రాత్రంతా అలా వదిలేస్తారు. తెల్లారాక అసలు శుద్ధి చేస్తారు. మొదటి వేడికి అలవాటు పడిన కన్ను రెండోసారి తట్టుకుంటుంది. మేమేమో నేరుగా తీసుకెళ్ళి అసలు వేడిలోనే పెట్టేస్తున్నాం. మనుషులకి రెండుసార్లు చెప్పే అలవాటున్న మేము చెరకుకి మాత్రం ఒక్కసారే చెప్పామన్నమాట.

మా యంత్రం వేడిగాలిది కాబట్టి కొలతలు మార్చుకోవలసి వచ్చింది. పద్ధతి మాత్రం అదే పెట్టాం. సత్యనారాయణ గారి చేలో సాళ్ళు నిండుగా మొలిచాయి. ఆయన చెరువు తవ్వించలేదు.

ఉద్యోగంలో మర్యాద మాట ఎదుటివాడి భాషలో కూడా మర్యాదేనా అని ముందు చూసుకోవాలి. నేను నేర్చుకున్నది ఇంతే. ఇంటికొచ్చినవాళ్ళు వద్దంటే ఇప్పటికీ రెండోసారి అడుగుతాను. నన్నెవరైనా అడిగితే మాత్రం మొదటిసారే సరేనంటాను. కాఫీకి కూడా.